చింతపండు పెట్టి తోమకండి

మొన్న శ్రావణ శుక్రవారానికి ముందురోజు మా వారి పిన్నిగారి కోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్తయ్యగారి ట్రంకుపెట్టెలో చిన్నచిన్న రాగి పైసలు దొరికాయి. నల్లగా ఉన్నాయి. చింతపండు, ఉప్పు వేసి తోమి రేపు కలశంలో వేద్దామనుకుంటున్నా" అంది. "ఆగు! ముందు వాటిని కింద పెట్టు!" అని నేను అరిచిన అరుపుకి హాల్లో పేపరు చదువుకుంటున్న మా వారు లేచి వచ్చారు.

అంత అరవడానికి కారణం ఉంది. ఆ తప్పు నేను చేసినదాన్ని.

మా తాతయ్య తెనాలి దగ్గర పల్లెలో బడిపంతులు. 1957 ఏప్రిల్ ఒకటిన కొత్త డబ్బులొచ్చాయి కదా, ఆ కొత్తల్లో జీతంతో పాటు కొన్ని నయాపైసలు తెచ్చి అమ్మమ్మ చేతిలో పోశారట. బంగారం కాసుల్లా మెరుస్తున్నాయని ఆవిడకి ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. పదకొండు పైసలు పాత పంచెగుడ్డలో మడిచి ఇత్తడి భరిణెలో దాచుకుంది. అమ్మమ్మ పోయాక భరిణె అమ్మ దగ్గరికి, అమ్మ నుంచి నాకు వచ్చింది. నాలుగేళ్ళ కిందట వరలక్ష్మీ వ్రతానికి నేను పది నాణేలు బయటికి తీసి, రాగిచెంబుతో పాటు చింతపండు గుజ్జు పెట్టి పరపరా తోమేశాను. తళతళలాడిపోయాయి. అందరికీ చూపించుకుని మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రం తాంబూలానికి భార్యతో వచ్చిన మా వారి ఆఫీసు స్నేహితుడొకాయన నాణేలు సేకరిస్తారు. ఆయన ఒకటి అంచులు పట్టుకుని దీపం వైపు వంచి చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా, "తోమారామ్మా?" అన్నారు. పదకొండోది గుడ్డమడతలో ఇరుక్కుని ఉండిపోయిందని అప్పుడే తెలిసింది. దాన్ని తీసి పక్కన పెట్టారు. ఎర్రదనం అక్కడక్కడ గోధుమరంగుకి తిరిగింది గానీ, దీపం కింద వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరిగింది. నేను తోమిన పదీ ఎటు తిప్పినా ఒకేలా, పాలిపోయిన గులాబీ రంగులో మెరుస్తున్నాయి. వాటి నిండా జుట్టంత సన్నటి గీతలు.

ఆ తిరిగే వెలుగు గురించి ఆయన చెప్పింది నాకు భలే నచ్చింది. టంకశాలలో అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం అంచుల వైపు ఒత్తుకుని పారుతుంది. ఆ పారిన జాడలే కంటికి ఆనని గీతలై పైన నిలిచిపోతాయి, వెలుగు తిరిగేది వాటి మీదే. పులుపు ఆ పైపొరనే తినేస్తుంది. ఒకసారి పోతే మళ్ళీ రాదు, ఏ మెరుగు పెట్టినా రాదు. నాణేల నాణ్యతని 70 మార్కులకి కొలుస్తారు. 60, ఆ పైన వస్తేనే చేతులు మారి అరగని నాణెం అన్నట్టు. తోమినదానికి ఆ మార్కులే వెయ్యరు.

అమ్మమ్మ యాభై ఏళ్ళకి పైగా ముట్టుకోకుండా కాపాడినదాన్ని నేను ఐదు నిమిషాల్లో తోమేశాను. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. "చెల్లని పైసకి ఏడుస్తావేంటి" అన్నారు మా వారు. ఆయన అన్నదీ నిజమే. పావలా దాకా ఉన్న చిల్లరంతా 2011 జూన్ 30 నుంచి చెల్లదు.

ఆ పదకొండో పైసతోనే నాకు ఈ పిచ్చి పట్టుకుంది. 1957 నుంచి 1964 దాకా వచ్చిన నయాపైసల చిల్లర, అదీ కొత్తగా ఉన్నవే వెతుకుతున్నాను. చిన్నచిన్న వస్తువులే గానీ ఎంత ముచ్చటగా ఉంటాయో! ఒక పైస గుండ్రం, రెండు పైసలది అలల అంచు, ఐదు పైసలది మూలలు నున్నగా తీసిన చదరం, పది పైసలది మళ్ళీ అలల అంచు. పావలా, అర్ధరూపాయి నికెల్‌వి, అయస్కాంతానికి అతుక్కుంటాయి. పైస మీద హిందీలో 'రూపాయిలో నూరో భాగం' అని రాసి ఉంటుంది. ఇది జనానికి లెక్క నేర్పడానికే. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు, అరవైనాలుగు పైసలు. అణా అంటే ఆరుంపావు నయాపైసలు. పావు పైస ఎక్కణ్ణుంచి తెస్తారు? అణాకి ఆరే లెక్క కట్టారు. నాలుగు అణాలు విడివిడిగా మార్చుకుంటే పావలాకి ఒక పైస తక్కువ. ఆ తరుగు గురించి అమ్మమ్మ చివరిదాకా సణుగుతూనే ఉండేది. 1964 జూన్‌లో 'నయా' అన్న మాట తీసేశారు. అణాలు పోయి ఇన్నేళ్ళైనా పదహారణాల తెలుగింటి ఆడపడుచు అంటాం గానీ వంద పైసల ఆడపడుచు అని ఎవరూ అనరు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఇలాంటివి మనసులో తిరుగుతుంటాయి.

వీటిల్లో ఐదు పైసలు, పావలాలు శుభ్రంగా ఉన్నవి దొరుకుతాయి. కష్టమంతా ఒక పైసతోనే. మొదట్లో వచ్చినవి కంచువి. గాలికే రంగు మారతాయి. పైగా పైసని ఎవరు దాస్తారు చెప్పండి? పిల్లల చేతికిచ్చేవారు, హుండీలో వేసేవారు. ఎర్రదనం పోని 1957 పైస చేతికొస్తే నాకు ఆ రోజంతా పండగే. మా ఇల్లు హైదరాబాదులో కాబట్టి తేదీ కింద ఇక్కడి టంకశాల గుర్తు ఉందేమోనని కూడా చూసుకుంటాను. ఆ పాత టంకశాల సైఫాబాద్‌లో ఇప్పుడు మ్యూజియం.

కిందటేడు నాణేల ప్రదర్శనలో ఒక పైసకి నా జాకెట్టు కుట్టుకూలి అంత డబ్బు పెట్టాను. నా పొదుపులోదే. ఇంట్లో చిన్న దుమారం. "పైసకి అంతా?" అన్నారు అత్తయ్యగారు. ఇక్కడ నాకో మాట అనాలని ఉంది. మగవాడు పాత స్కూటరు విడిభాగాల కోసం ఊళ్ళు తిరిగితే అభిరుచి, ఇంటావిడ పైస కొంటే దుబారా. చీరల మీద పెడితే ఎవరూ అడగరు, ఎందుకంటే అది మన ఖాతాలో ముందే రాసిపెట్టిన ఖర్చు. ఇంట్లో ప్రతి వస్తువూ నా చేతిలో అరుగుతుంది, గిన్నెలు, చాపలు, చీరలు, నా చేతులతో సహా. ఏ పనికీ రాకుండా, అరక్కుండా ఒక్కటైనా ఉండాలని నాకు అనిపిస్తే అందులో తప్పేముంది?

అయితే లక్షలొస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. నాకు తెలిసిన ఒకావిడ ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి తన పాత పావలా ఫొటో పంపింది. ఐదు లక్షలకి కొంటామని చెప్పి, ముందు రిజిస్ట్రేషన్, ఆ తర్వాత పన్ను అంటూ నాలుగు వేలు గుంజి మాయమయ్యారు. భర్తకి చెప్పుకోలేక ఆవిడ పడ్డ అవస్థ నాకు తెలుసు. ఇలా తన పేరు చెప్పి కమీషన్లు, పన్నులు అడిగేవాళ్ళని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు డబ్బిస్తాడు గానీ అడగడు కదమ్మా.

మీ పెట్టెల్లో ఉంటే అంచులు పట్టుకుని తీయండి. నలుపున్నా, మచ్చలున్నా అలాగే వదిలేయండి. రబ్బరుబ్యాండు చుట్టొద్దు, దానిలోని గంధకం రాగిని నల్లబరుస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నేళ్ళకి పచ్చటి జిగురు పడుతుంది. నాణేల కోసం అమ్మే అట్ట చట్రాలు చవకే. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన పడేస్తే చాలు.

నేను తోమిన పదీ ఇప్పుడు పూజలోనే ఉన్నాయి. ఏటా పసుపూ కుంకుమా పడి వాటి దారిన అవి పోతున్నాయి. పదకొండోది బీరువాలో ఉంది. దుబారా అన్న అత్తయ్యగారే అప్పుడప్పుడూ, "ఏదీ, ఆ తిరిగే పైస ఓసారి చూపించు" అంటారు.

తోటికోడలు ఫొటోలు పంపింది. ఆరింటిలో నాలుగు బాగా అరిగినవే, రెండు మాత్రం బాగున్నాయి. గుడ్డలో చుట్టి పక్కన పెట్టమన్నాను. "సరే అక్కా, మరి కలశంలో ఏం వెయ్యను?" అంది. ఇప్పటి రూపాయి వెయ్యమన్నాను.

"అది తోమచ్చా?"

"ఎంత కావాలంటే అంత తోముకో."