శివరాత్రి దాటాక ఎక్కడ తొక్కాలి?
మహాశివరాత్రి దాటిందంటే ఉప్పల్, నాచారం ఔత్సాహిక సైకిల్ రేసర్లకు సీజన్ అయిపోయినట్టే. ఎండలే కారణమని అందరూ అంటారు. నా లెక్క వేరు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరేవాడికి ఎండతో పేచీ ఏముంది? అసలు పేచీ రోడ్లతోనే. నాచారం పారిశ్రామికవాడ రోడ్ల మీద సీజనంతా తిరిగిన సైకిల్ చైన్‌ని డీజిల్ గుడ్డతో తుడిచి చూడండి: నల్లటి జిడ్డులో ఇసుక గరగరలాడుతుంది, టైరులో గాజుపెంకులు దిగబడి ఉంటాయి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగడంతో, వరంగల్ హైవే మీద మనవాళ్లు బాగా నేర్చింది గుంతలు తప్పించుకోవడమే. రేసు గెలిపించే విద్య అది కాదు. ముందువాడి చక్రానికి జానెడు దూరంలో, బ్రేకు ముట్టకుండా, అతని చాటున ఎదురుగాలి తప్పించుకుంటూ పోవాలి. గుంతల రోడ్డు మీద ఆ జానెడు దూరం ప్రాణాంతకం. అందుకే ఎడంగా తొక్కడం అలవాటై, అసలు రేసులో గుంపు వెనకే మిగిలిపోతారు. దమ్ము లేక మాత్రం కాదు, ఈ మాట గట్టిగానే చెబుతాను. నగరానికి పడమటి వైపు 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వచ్చింది. సంతోషమే, కానీ ఉప్పల్ నుంచి అక్కడికి చేరేసరికే తెల్లారిపోతుంది. నాచారానికి దగ్గర్లోనే, ఉస్మానియా క్యాంపస్‌లో, 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) ఉంది. లారీలు లేవు, గుంతలు లేవు. ఈ వేసవి సాయంత్రాల్లో వారానికి రెండు రోజులైనా, శిక్షకుడి సమక్షంలో, దాన్ని ఔత్సాహికులకు ఇవ్వాలని యూనివర్సిటీని, క్రీడా శాఖను కోరుతున్నాను.