మనష్షే అని పేరు పెట్టిన రోజు



మన పల్నాడు పౌరుషానికి పెట్టింది పేరు. కోడిపందెం దగ్గర రగిలిన పగ కారంపూడి యుద్ధభూమి దాకా వెళ్లిన కథ మనందరికీ తెలుసు. గట్టు తగాదాను మూడు తరాలుగా మోస్తున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. "వాడొచ్చి కాళ్లమీద పడితే అప్పుడు క్షమిస్తా" అంటారు చాలామంది.

యోసేపు అలా ఎదురుచూడలేదు. 17 ఏళ్లప్పుడు అన్నలే అమ్మేశారు. 30 ఏళ్లకు ఫరో ఎదుట నిలిచాడు. ఆ తర్వాత పుట్టిన పెద్దకొడుకుకు, దేవుడు నా బాధను మరచిపోయేలా చేశాడని, మనష్షే అని పేరు పెట్టాడు (ఆదికాండము 41:51). గమనించండి, అప్పటికి అన్నలు ఇంకా రానేలేదు, క్షమించమని అడగనూ లేదు!

అలాగని జ్ఞాపకం చెరిగిపోలేదు. వాళ్లను చూడగానే గుర్తుపట్టాడు, తర్వాత చాటుకు వెళ్లి ఏడ్చాడు. వెంటనే నమ్మలేదు, పరీక్షించాడు. క్షమించడం వేరు, నమ్మడం వేరు. కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్లమని ఏ ఆడబిడ్డకూ వాక్యం చూపించి చెప్పకూడదు. 1999లో ఒడిశాలో తన భర్తనూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేసినవారిని గ్లాడిస్ స్టెయిన్స్ గారు క్షమించారు. కోర్టు మాత్రం తన పని తాను చేసింది.

తల్లిని పోగొట్టుకున్న ఇస్సాకు సాయంకాలం ధ్యానించడానికి పొలంలోకి వెళ్లాడు (24:63). మీరూ మిరపచేను నుంచి వచ్చేటప్పుడు కాలువ గట్టున పది నిమిషాలు ఆగండి. ఫోను పక్కన పెట్టి, ఆ మనిషిని పేరుపెట్టి ప్రభువుకు అప్పగించండి. మొదటిరోజు నోరు రాదు. రేపు కూడా ఆగండి.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.