ఓడిన బిడ్డ మాట వినండి

నేరేడుచర్లలోని మా బంధువుల ఇంట్లో ఒక పిల్లవాడు సెల్‌ఫోన్‌లో రంగుల పజిల్ ఆడుతూ పదేపదే ఓడిపోతున్నాడు. ధ్యాస లేదని తల్లి మందలించగా మేమూ తలూపాము. “ఆ రెండూ ఒకటే రంగు కదా, అమ్మీ!” అన్నాడు. అవి ఎరుపు, ఆకుపచ్చ. తొందరపడ్డామని సిగ్గుపడ్డాము.

ఈ వర్ణాంధత్వం సాధారణంగా పుట్టుకతో వస్తుంది, మగపిల్లల్లోనే అధికం. జాన్ డాల్టన్ 1794లో తన చూపునే పరిశీలించి దీనిని వివరించాడు. పుట్టుకతో వచ్చినదానికి మందు లేకున్నా మార్గం ఉంది. కాండీ క్రష్‌లో రంగు మారితే మిఠాయి ఆకారమూ మారుతుంది. అటువంటి ఏర్పాటు లేని ఆటల తయారీదారులకు మీ బిడ్డ ఇబ్బందిని తెలియజేయండి. ఇంట్లోని లూడో కాయలపై గుర్తులు పెట్టండి. కంటి వైద్యునికి చూపించండి. నిందించే ముందు, నీకేమి కనబడుతోందని బిడ్డను అడుగుదాం.