ఇంటి కంప్యూటరులో రోగుల పేర్లు

పోయిన నెల సిస్టర్ల మీటింగులో మేము ఒక ప్రశ్న అడిగాం. ఆసుపత్రి ఫైళ్ళు ఇంటి కంప్యూటరులో ఉన్నవారు ఎవరెవరు అని. మొదట ఎవరూ పలకలేదు. మేమే ముందుగా చెయ్యెత్తాం. ఆ తరువాత ఒక్కటొక్కటిగా చాలా చేతులు లేచాయి.

ఇందులో దొంగతనమేమీ లేదు. నెలాఖరు వస్తే ప్రతి వార్డు నుండి రిపోర్టు వెళ్ళాలి. డ్యూటీలో కూర్చుని టైపు చేసే తీరిక ఉండదు. తీరిక దొరికిన రోజున కరెంటు ఉండదు. అందుకని ఫైలును పెన్‌డ్రైవులో వేసుకొని ఇంటికి తీసుకుపోతాం. రాత్రి వంట పని అయ్యాక పూర్తి చేసి, పొద్దున తెచ్చి ఇస్తాం. రిపోర్టు వెళ్ళిపోతుంది, ఫైలు మాత్రం ఇంటి కంప్యూటరులోనే ఉండిపోతుంది. చిత్రమేమంటే, పని మీద ఎక్కువ శ్రద్ధ ఉన్న సిస్టర్ ఇంట్లోనే ఇటువంటి ఫైళ్ళు ఎక్కువ.

ఆ ఫైలు తెరిస్తే ఏముంటుంది? గర్భిణి పేరు, భర్త పేరు, ఊరు, వయస్సు, ఎన్నో కాన్పు, ఫోను నంబరు, రక్త పరీక్షల ఫలితాలు. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేస్తాం కనుక ఆ గడులు కూడా ఉంటాయి. క్షయ రోగుల జాబితాలో అయితే, గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోయినవారి నంబర్లు, ఇంటి దగ్గర మిగిలిన ముసలివారి పేర్లు ఉంటాయి. పెద్ద నగరంలో ఒక పేరు బయటపడితే ఆ మనిషి ఎవరో చాలామందికి తెలియకపోవచ్చు. ఆలూరులో అలా కాదు. ఆస్పరి, చిప్పగిరి, హొళగుంద, హాలహర్వి, దేవనకొండ, ఏ మండలంలోని ఊరైనా సరే, భర్త పేరు చెబితే చాలు, బస్టాండులో నిలబడిన నలుగురిలో ఒకరు ‘ఆ, ఫలానా వాళ్ళ కోడలు కదా’ అంటారు. ఆ ఒక్క గడిలోని మాట బయటికి వస్తే ఆమె కాపురం ఏమవుతుందో ప్రసూతి వార్డులో పనిచేసిన వారికి చెప్పనవసరం లేదు.

చట్టం కూడా ఊరుకోదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. రోగి వివరాలను గుట్టుగా, భద్రంగా ఉంచే బాధ్యతను అది మన మీద పెట్టింది. అయితే చట్టం రాక మునుపే మనకు ఈ అలవాటు ఉంది. మత్తు ఇంజెక్షన్ల బీరువా తాళం ఇన్‌చార్జి సిస్టర్ ఎవరికీ ఇవ్వదు. డ్యూటీ మారేటప్పుడు ఆంప్యూళ్ళు లెక్కపెట్టి, సంతకం చేసి మరీ అప్పగిస్తుంది. అదే సిస్టర్ ఇంటికి పోయాక, రోగుల జాబితా ఉన్న కంప్యూటరును పక్కింటి పిల్లలకు ఆటలకు ఇస్తుంది. ఆమెను తప్పు పట్టే అర్హత మాకు లేదు. ఎందుకో చెబుతాం.

కొన్నేళ్ళ క్రిందట మా ఇంటి కంప్యూటరుకు పాస్‌వర్డే ఉండేది కాదు. సెలవులకు వచ్చిన మా అక్క మనుమడు, గేమ్ ఉచితంగా దొరికిందని ఏదో దింపుకున్నాడు. మరునాడు చూస్తే ఫైళ్ళ పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు వచ్చి చేరాయి. ఏది నొక్కినా తెరుచుకోదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని ఇంగ్లీషులో ఒక చీటీ. దీన్నే రాన్సమ్‌వేర్ అంటారని తరువాత తెలిసింది. మా పెద్దమ్మాయి పెళ్ళి ఫోటోలు పోయాయి, వాటి కోసం ఏడ్చాం. ఆ ఏడాది గర్భిణుల జాబితా కూడా అందులోనే ఉంది. వార్డు రిజిస్టరు చేతిరాతలో ఉంది కనుక జాబితాను మళ్ళీ రాసుకున్నాం. కానీ తాళం వేసే ముందు దానికి ఎవరైనా నకలు తీసుకుపోయారా లేదా అన్నది ఈనాటికీ తెలియదు. ఆ జాబితాలోని తల్లి ఎవరైనా ఓపీకి వస్తే, చాలాకాలం ఆమె ముఖంలోకి సూటిగా చూడలేకపోయాం.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ సంగతి పై అధికారికి చెప్పడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. సూది గుచ్చుకున్న విద్యార్థినికి ‘భయపడవద్దమ్మా, వెంటనే చెప్పు, మందు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలు కావాలి’ అని పాఠం చెప్పే మేమే, మా దాకా వచ్చేసరికి దాచిపెట్టాం. కేకలు వేస్తారన్న భయం అటువంటిది. అంతకు ముందు పెన్‌డ్రైవు వల్ల వార్డు కంప్యూటరుకు వైరస్ తెచ్చిన ఒక చిన్న సిస్టర్‌ను అందరి ఎదుటా మేమే కేకలు వేశాం. ఆమె ఆ తరువాత ఏ సంగతీ మాకు చెప్పలేదు. చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

‘ఆలూరులో మన కంప్యూటరు ఎవరికి కావాలి మేడమ్’ అని మీటింగులో ఒకరన్నారు. ఇటువంటి పురుగు మనిషిని చూసి రాదు, తలుపు తీసి ఉన్న ఇల్లు చూసి వస్తుంది. 2017 మే 12న, అంటే మనం నర్సుల దినోత్సవం జరుపుకొనే రోజునే, వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులోని 236 ప్రభుత్వ ఆసుపత్రి ట్రస్టుల్లో దాదాపు మూడో వంతు ఇబ్బంది పడ్డాయి. సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని ఆ తరువాత లెక్క కట్టారు. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా అది సోకింది. మాకు బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, రెండు నెలల ముందే విడుదల చేసింది. టీకా ఫ్రిజ్‌లోనే ఉంది, ఎవరూ వేయించుకోలేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయినప్పుడు కూడా ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి చేత్తో రాసుకోవలసి వచ్చింది. (ఆ రోజుల్లో మా వయస్సు సిస్టర్లకు అక్కడ మంచి గిరాకీ వచ్చి ఉంటుందని మేము నవ్వుకున్నాం.)

కాబట్టి అప్‌డేట్ అడిగితే ‘తరువాత’ అని నొక్కవద్దు. విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాతది వాడుతున్నవారు కనీసం దానిలో ఆసుపత్రి పని చేయకండి. దుకాణంలో ‘అన్నీ వేసి ఇచ్చాం’ అని ఇచ్చే దొంగ కాపీ విండోస్‌ను నమ్మడం, ముద్ర లేని సీసాలోని మందు ఎక్కించడం వంటిదే. విండోస్ 10, 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది. దాన్ని ఆపకుండా ఉంచితే మామూలు ఇంటికి సరిపోతుంది.

పిల్లలకు వేరే అకౌంటు తెరవండి, దానికి అడ్మినిస్ట్రేటరు అధికారం ఇవ్వకండి. ఇది పది నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు. మా ఇంట్లో అప్పుడు ఇదొక్కటి చేసి ఉన్నా, ఆ పిల్లవాడికి మా ఫైళ్ళు కనబడేవి కావు, పాస్‌వర్డ్ అడగకుండా కొత్త ప్రోగ్రాములు చాలావరకు ఎక్కేవీ కావు. పాస్‌వర్డ్ అంటే ఊరి పేరు, పుట్టిన సంవత్సరం కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే పొడవుగా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. ఈమెయిలుకు, ఆసుపత్రి పోర్టళ్ళకు వేర్వేరుగా పెట్టండి. బ్యాంకు నుండి అని, కంప్యూటర్ కంపెనీ నుండి అని ఫోను చేసి ఏదో యాప్ వేయమంటే వేయవద్దు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి.

నకలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ముఖ్యమైన ఫైళ్ళను వేరే డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. అప్పుడప్పుడు తెరిచి చూడాలి కూడా. ఎమర్జెన్సీ ట్రాలీలో ఆక్సిజన్ సిలిండరు ఉందా అని చూస్తే చాలదు, గేజి తిప్పి చూస్తాం కదా, అలాగే. కంప్యూటరు రిపేరుకు ఆదోనికో గుంతకల్లుకో పంపేటప్పుడు ఫైళ్ళు తీసేశాం కదా అనుకోకండి. మామూలుగా తీసేసిన ఫైలును తెలిసినవారు తిరిగి బయటికి తీయగలరు.

ఇవన్నీ చెప్పాక, మా అసలు అభిప్రాయం వేరు. నెలవారీ రిపోర్టు అడిగేది అంకెలను. ఎంతమంది గర్భిణులు నమోదయ్యారు, ఎన్ని కాన్పులు, ఎందరికి రక్తహీనత అని. ఏ ఊరి ఏ లక్ష్మమ్మ అని ఎవరూ అడగరు. మరి పేర్లు ఇంటికి ఎందుకు ప్రయాణం చేస్తున్నాయి? పూర్తి జాబితాను తీసుకుపోవడం సులభం కనుక, అంతే. వార్డులోనే రిజిస్టరు చూసి గీతలు గీసి లెక్కపెట్టుకొని, ఆ అంకెల కాగితం ఒక్కటే ఇంటికి తీసుకుపోతే, ఇంటి కంప్యూటరుకు ఏ పురుగు పట్టినా ఏ తల్లి గుట్టూ పోదు. తప్పనిసరిగా జాబితాయే కావాలంటే పేరు బదులు ఓపీ నంబరు వేసి, ఎక్సెల్ ఫైలుకే పాస్‌వర్డ్ పెట్టండి.

యాజమాన్యానికి కూడా ఒక మాట. ఇంటి దగ్గర ఆసుపత్రి పని చేయవద్దని సర్క్యులరు తీయడం సులభం. డ్యూటీలో దానికి సమయం ఇవ్వకుండా తీసిన సర్క్యులరు వల్ల ఫైళ్ళు మరింత రహస్యంగా ఇళ్ళకు పోతాయే కాని ఆగవు. నెల చివరి రెండు రోజులు, వార్డుకు ఒక సిస్టర్ చొప్పున, మధ్యాహ్నం రెండు గంటలు, యూపీఎస్ ఉన్న ఒక కంప్యూటరు ఇమ్మని రాసి ఇచ్చాం. జవాబు రావలసి ఉంది. ఏదైనా పొరపాటు జరిగితే మొదటి రోజే వచ్చి చెప్పినవారికి మెమో ఇవ్వబోమని నర్సింగు ఆఫీసు నోటీసు బోర్డు మీద మా సంతకంతో అంటించాం.

మా ఇంటి కంప్యూటరులోని పాత జాబితాలన్నీ తీసేశాం. ఆ డిస్కును కూడా మార్చి, పాతదాన్ని ఆసుపత్రి వర్క్‌షాపులో డ్రిల్లుతో తొలిపించాం. మూడు వార్డుల సిస్టర్లు తమ పెన్‌డ్రైవులు తెచ్చి ఆఫీసులో అప్పగించారు. ప్రసూతి వార్డుది ఇంకా రావాలి.