కొలతలు కాగితం మీద, వరద కాలనీల మీద

ఉద్యమంలో మనం ఎత్తిన మొదటి మాట నీళ్లు. నిధులు, నియామకాలు ఆ తర్వాతే. అయితే నీళ్లంటే కృష్ణా, గోదావరి వాటాలే అనుకున్నాం. నెత్తిన కురిసే వాన కూడా మన నీళ్లేననీ, అది పోయే దారి కూడా మన హక్కేననీ గట్టిగా అడగలేదు. ఇప్పుడైనా అడగాలి.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడి హైదరాబాద్ మునిగింది. నాలాల మీద ఇళ్లు, చెరువుల్లో వెంచర్లు వేయించింది వలస పాలకులేనని తిట్టాం. తిట్టడం న్యాయమే. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి మనుషులు కొట్టుకుపోయారు. 2014 జూన్ 2 తర్వాత వచ్చిన ఈ వరదకు ఎవరిని తిట్టాలి?

నిబంధనలు లేవా? ఉన్నాయి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీఓ 168 అంగుళాలతో సహా లెక్క చెప్పింది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే అంచు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువైనా, కుంటైనా 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు.

మతలబంతా ఇక్కడే ఉంది. 12 మీటర్ల నాలాను ఇటొకడు, అటొకడు జరుపుకుంటూ వచ్చి 6 మీటర్లు చేశారనుకోండి. సర్వేయరు వచ్చి ఇప్పుడున్న వెడల్పునే కొలిస్తే, వదలాల్సిన జాగా 9 మీటర్ల నుంచి 2 మీటర్లకు పడిపోతుంది. అంటే కబ్జా చేసినోడికి శిక్ష లేదు సరికదా, ఇంకో 7 మీటర్లు ఇనాం! ఊరి పాత నక్షలో ఉన్న వెడల్పును కొలవకుండా ఇప్పుడున్న వెడల్పును కొలవడం కొలత కాదు, కబ్జాకు రాజముద్ర.

మట్టి సంగతి ఇంకా ఘోరం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊళ్లల్లో రైతులు చెరువు పూడిక తీసి పొలాలకు తోలుకున్నారు. పట్నంలో జరిగేది దీనికి తిరగబడ్డ కథ. మూడు నాలుగు అంతస్తుల సెల్లార్ తవ్వుతారు. ఆ మట్టి, మొరం రాత్రిపూట టిప్పర్లెక్కి పక్కనున్న కుంటలోకి పోతుంది. శిఖం భూమి ఎత్తు పెరుగుతుంది. నీళ్లు అక్కడిదాకా రావు. నీళ్లు రాని చోటు చెరువు కాదంటూ కొత్త లేఅవుట్ పుట్టుకొస్తుంది. సైటు దగ్గర మిగిలిన మట్టి కుప్పలు తొలివానకే కరిగి నాలాను పూడుస్తాయి. మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు చేరే దారి లేక పల్లంలో ఉన్న పేదల బస్తీలో చొరబడతాయి. ఎత్తున సెల్లార్ తవ్వినోడి మెట్టు కూడా తడవదు.

మన రాష్ట్రంలో ఏం చేశాం? 2020లో టీఎస్-బీపాస్ తెచ్చి 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లకు యజమాని రాసిచ్చిన మాట మీదే అనుమతి ఇచ్చాం. జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాలకు రక్షణగా వచ్చిన జీఓ 111ను 2022 ఏప్రిల్‌లో మన ప్రభుత్వమే ఎత్తేసింది. వలస పాలకులు తెచ్చిన రక్షణను స్వరాష్ట్రంలో పోగొట్టుకున్నాం! 2024 జూలైలో హైడ్రా వచ్చింది, బుల్డోజర్లు కదిలాయి. కబ్జాలు తీయాల్సిందే. అందులో మాకు రెండో మాట లేదు. కానీ రిజిస్ట్రేషన్ చేసి, నల్లా ఇచ్చి, ఆస్తిపన్ను వసూలు చేసి, ఆఖరుకు కూల్చేది అప్పు చేసి కొన్న చిరుద్యోగి ఇంటినా? సంతకం పెట్టిన అధికారి ఎక్కడ? అమ్మినోడు ఎక్కడ?

మేం అడిగేది నాలుగే. చెరువుకైనా నాలాకైనా పాత నక్ష ప్రకారమే హద్దురాళ్లు పాతాలి. ప్రతి సైటు ముందు ఎంత మట్టి తవ్వారు, ఎక్కడికి తోలారు అని బోర్డు పెట్టాలి. వాన నీళ్లు పోయే దారి చూడకుండా నివాసయోగ్య పత్రం ఇవ్వొద్దు. తప్పుడు అనుమతి కూలితే నష్టపరిహారం సంతకం పెట్టినోడి నుంచీ, అమ్మినోడి నుంచీ రాబట్టాలి.

విద్యార్థి మిత్రులారా, మీ కాలనీ నాలాను టేపుతో కొలవండి, నక్షతో పోల్చండి, తేడాను ఊరందరికీ చెప్పండి. ఉద్యోగ మిత్రులారా, 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు కలం పక్కన పెట్టారు. ఇప్పుడు చెరువు మీద సంతకం అడిగిన రోజు, ఆ ఒక్క పూట కలం పక్కన పెట్టలేరా?

వాన మనది, చెరువు మనది, ప్రభుత్వం మనది. మునిగేది మాత్రం ఎప్పటిలాగే పేదోడి గుడిసెనా?

జై తెలంగాణ!