ఈనగాచుట

తెలుగు సామెతలలో “ఈనగాచి నక్కలపాలు చేసినట్లు” అనునది మిక్కిలి ప్రచారము గలది. పాఠశాలలలో దీనిని జాతీయముల పట్టికలో చేర్చి, శ్రమించి సాధించినదానిని తుదిలో పోగొట్టుకొనుట అని అర్థము వ్రాయింతుము. అర్థము సరియే. కాని ఈనుట యెట్టిది, కాచుట యెట్టిది, కాచినవాడు రాత్రియంతయు నేమి చేసెను అను ప్రశ్నలు తరగతిగదిలోనికి రావు. నాలుగు మాటలు వ్రాసిన విద్యార్థికి మార్కులు వచ్చును. సామెత పుట్టినిల్లయిన కొట్టము మాత్రము మరుగుననే యుండిపోవును.

పదమును విడదీసి చూతము. ఈనన్, కాచి అను రెండు మాటల కలయిక యిది. ద్రుతము మీది పరుషము సరళమై “ఈనగాచి” యైనది. కాచుట యనగా రక్షించుట, కావలియుండుట. కాపు, కావలి, కాపరి అనునవి యన్నియు నా కుదురులోనివే. నేడు నిరీక్షించుట అను అర్థమున మనము వాడు “కాచుకొనియుండుట” యును ఆ కుదురుదే. నిరీక్షణకు మనకు మరియొక మాటయు గలదు: ఎదురుచూచుట. ఉత్తరమునకు ఎదురుచూతుము, బస్సునకు ఎదురుచూతుము, పరీక్షా ఫలితములకు ఎదురుచూతుము. మనము చూచినను చూడకున్నను అవి వచ్చునపుడే వచ్చును. కాచుకొనుట అట్టిది కాదు. అందు కన్నులకే కాక చేతులకును, తెలివికిని పని గలదు. పోతన తమవాడని ఒంటిమిట్టవారును, బమ్మెరవారును ఎన్ని తరములనుండియో వాదించుచున్నారు. ఆ వాదము నాకిపుడు పనిలేదు గాని, ఆ మహాకవి అష్టమస్కంధమున చిత్రించిన గజేంద్రుడు ఎదురుచూచినవాడు. బలమంతయు ఉడిగిన పిమ్మట దూరమునుండి రావలసిన రక్షకునికై మొరపెట్టినవాడు. చూడి మేకకడ కూర్చున్న కాపరి యట్లు కాదు. రక్షకుడు రావలసియుండుట లేదు; తానే యచట నున్నాడు.

కడపనుండి తిరుపతికి పోవు బాటలో ఒంటిమిట్ట యున్నది. యాత్రికులు కోదండరామాలయ గోపురమును చూచి నమస్కరించి పోవుదురు. 2015 నుండి శ్రీరామనవమి యుత్సవములు ప్రభుత్వ లాంఛనములతో జరుగుచుండుటచే ఆ యూరి పేరు పత్రికలలో తరచు వినవచ్చుచున్నది. ఊరి వెలుపలి ఎఱ్ఱనేలలు, గుట్టల మొదళ్ల ముండ్లపొదలను కొరుకు మేకలు ఎవరికిని వార్త కావు. వాన తప్పి మెట్టపైరు ఎండిన ఏట ఇట్టి పల్లెలలో బీదకుటుంబమునకు మిగులు సొత్తు నాలుగు కాళ్లమీద నడచునదే. అప్పులవాడు వచ్చిననాడు, ఇంట జ్వరము వచ్చిననాడు, బిడ్డకు కళాశాలలో రుసుము కట్టవలసిననాడు సంతకు తోలబడునది మేకపిల్లయే. గోధనము అను మాట మన కావ్యములలో గలదు. మేకధనము అని యెవరును అనలేదు.

అనకపోగా, మన భాష మేకయెడల కొంత అన్యాయమే చేసినది. మేకవన్నె పులి యందుము. అచట మేక వట్టి వేషము. మేకపోతు గాంభీర్యమందుము, అది లేని ధైర్యమును నటించుట. మేకమెడ చన్ను అందుము. అది నిరర్థకమునకు ఉపమానము. మెడక్రింది చన్నును చూచిన కవులు పొదుగును చూడలేదు కాబోలు! ఆడుమేక తన పని తాను చేయుచుండగా చూచి చెప్పిన మాట నాకు తోచినంతలో మన సామెత యొక్కటే. అందును దాని పేరు లేదు.

ఇక గడువు సంగతి. మేకకు చూలు ఐదు నెలలు, అనగా సుమారు 150 దినములు. 145 మొదలు 155 వరకు సహజముగానే యుండును. ఒంటిపిల్లను మోయునది రెండుమూడు దినములు ఆలసించుటయు, కవలలను మోయునది ముందుగా ఈనుటయు గలదు. “గడువు దాటినది, ఇంకను ఈనలే” దని ఇంటివారు కంగారుపడునపుడు పెక్కుమార్లు దాటినది గడువు కాదు; తప్పినది లెక్క. పోతు మందలోనే తిరుగుచుండును గనుక అది కలిసిన దినమును గుర్తించువారుండరు. ఏ పండుగకు ముందనియో, ఏ వానకు వెనుకననియో చెప్పుదురు. గుర్తించినను, ఆ కలయిక నిలువక మూడువారములకు మేక మరల ఎదకు వచ్చి యప్పుడు చూడి కట్టియుండవచ్చును. మొదటి తేదినుండి లెక్కించువానికి అది మూడువారములు ఆలసించినట్లే కనబడును. నిజముగా ఆపద గల ఆలస్యములును లేకపోలేదు. గర్భాశయమున నీరు మాత్రమే నిండి, కడుపు పెరిగి, తుదకు పిల్ల లేక నీరే పోవుట యొకటి. పిల్ల లోపలనే చచ్చి యెండిపోవుట మరియొకటి. వీనిని కాపరి చూపు కనుగొనజాలదు. పశువైద్యుడే చూడవలెను.

ఏది ఒట్టి ఆలస్యమో, ఏది ఆపదయో తేల్చుకొనుటకు మొదట కావలసినది తేది. ఇది బడి ఇయ్యగల వస్తువు. ఆగస్టు 15న పోతు కలిసిన మేక ఎప్పుడు ఈనును? లెక్కల ఉపాధ్యాయుడు ఈ ప్రశ్న వేసినచో ఏడవ తరగతి పిల్లవాడు నెలలకు ముప్పదియో ముప్పదియొకటియో చూచుకొని కూడి, జనవరి 12, సంక్రాంతికి ముందు, అని చెప్పగలడు. రైళ్ల వేగములను, తొట్లు నిండు కాలమును ఎన్ని యేండ్లనుండియో లెక్కవేయించుచున్నాము. తప్పుకాదు. కాని ఆ రైలెక్కని పిల్లవాని యింట గుంజకు కట్టిన మేక గలదు.

తేది దగ్గరపడిన పిదప చూడవలసిన గుర్తులు పుస్తకము చదువనివారికే యెక్కువ తెలియును. తోక మొదట ఇరుప్రక్కల బిగువుగా నుండు నరములు సడలి గుంటపడును. కడుపు క్రిందికి జారి డొక్కలు లోతగును. పొదుగు బిగిసి నున్నగా మెరయును. మేక మందను విడిచి మూలకు చేరి, గిట్టతో నేల గీరుచు, పడుకొనుచు లేచుచు, తన ప్రక్కను తానే తిరిగి చూచుకొని సన్నగా అరచును. ముసలి కాపరులు ఆ అరుపును బట్టియే రాత్రి మేల్కొందురు. పిదప నీటితిత్తి కనబడును. సవ్యమైన ఈతలో ముందటి రెండు గిట్టలు, వానిమీద ఆనిన ముట్టె కానవచ్చును. ఇంతవరకు చేతులు కట్టుకొని కూర్చుండుటయే విద్య. తొందరపడి లాగినవాడు తల్లికిని పిల్లకును చేటు తెచ్చును. నొప్పులు బలముగా వచ్చుచు అరగంట, ముప్పాతిక గంట గడచినను పిల్ల జాడ లేకున్నచో అది వైద్యుని పిలువవలసిన గడియ. అట్లే చివరి నెలలో మేత విడిచి, మందగించి, లేవలేక పడియున్న మేకను “ఈనువేళ యైనది గనుక అలసినది” అని విడిచిపెట్టరాదు. కవలలను మోయుచు చాలినంత మేత లేని మేకలకు వచ్చు వ్యాధి యది, ప్రాణము తీయును. మన రాష్ట్రమున 2022లో సంచార పశువైద్య వాహనములు ప్రవేశపెట్టబడినవి. 1962 అను సంఖ్యకు ఫోను చేసి పిలువవచ్చును. ఆ సంఖ్య గోడమీద వ్రాసియున్న కొట్టములెన్ని?

పిల్ల నేలబడినతోడనే ముక్కు, నోరు తుడిచి తల్లిని నాకనీయవలెను. బొడ్డునకు టింక్చరు అయోడిను అద్దవలెను. గంట రెండు గంటలలో ముర్రుపాలు పిల్ల కడుపున పడవలెను. మనకు జున్నుమీద మమకారము మెండు. పిల్ల త్రాగగా మిగిలిననాడే ఆ మాట. మాయ కొన్ని గంటలలో దానంతట నదియే పడును. వ్రేలాడుచున్నదని లాగరాదు. పండ్రెండు గంటలు మించినచో మరల వైద్యునికే చెప్పవలెను. పడిన మాయను, ఈచుకపోయిన పిండమును వట్టిచేతులతో ముట్టుట ప్రమాదము. మేకలనుండి మనుష్యులకు సోకు దీర్ఘజ్వరము కలదు. మాల్టా ద్వీపమున 1887లో డేవిడ్ బ్రూసు దాని క్రిమిని కనుగొనెను. 1905లో జమ్మిట్ అను ఆ ద్వీపవాసియైన వైద్యుడు అది మేకలనుండి వచ్చుచున్నదని తేల్చెను. కాచిన పాలే త్రాగవలెనని సైన్సు పాఠమున చెప్పునపుడు ఈ కథ కూడ చెప్పినచో పిల్లలు మరువరు.

ఇపుడు మరల నక్కలకడకు వత్తము. నక్క ఎపుడు వచ్చును? ఈనకముందు కాదు. ఈనిన వెనుక, ఉమ్మనీటి వాసనకు, నెత్తుటి వాసనకు వచ్చును. అప్పటికి తల్లి అలసియున్నది. పిల్ల తడియారక, కాళ్లు నిలువక యున్నది. నాలుగు రాత్రులు మేలుకొన్నవాడు, “హమ్మయ్య, ఈనినది” అని దుప్పటి కప్పుకొని లోనికి పోవునదియు నపుడే. సామెత కాచినవానిని సోమరి యని నిందించుట లేదు. వాడు ఈనువరకు కాచెను. ఈనిన పిదప కాచలేదు. నేను తరగతిలో ఈ సామెత వివరింపుమని అడిగినపుడు అందరును “శ్రమ వృథా యగుట” అని వ్రాయగా, గుట్టమొదటి పల్లెనుండి వచ్చు ఒక విద్యార్థిని మాత్రము “మాయను లోతుగా పూడ్చలేదు” అని వ్రాసినది. మార్కులు పూర్తిగా ఇచ్చితిని.

ఇంత కాచి పెంచిన పిల్లను తుదకు సంతకో జాతరకో తోలుదుము గదా, నక్కలపాలు కానీయక మనపాలు చేసికొనుటకే గదా యీ జాగరణ మనువారుందురు. నిజమే; దాచి ప్రయోజనము లేదు. కాని ఆ రాత్రి ఆ కొట్టమున జరుగు సేవ అందుచేత బూటకము కాదు. చలిలో తన దుప్పటితోనే పిల్లను తుడుచువాడు ఆ నిమిషమున ధర గుణించుచుండడు. గుణించుచున్నను నేను తప్పుపట్టను. వాని యప్పు నాది కాదు.

“మా మేక ఈనబోవుచున్నది గనుక రెండు దినములు సెలవు దయచేయవలెను” అని చీటి వచ్చినచో నవ్వు ఉపాధ్యాయులు కలరు. తండ్రి కూలికి పోయి, తల్లి పొలమునకు పోయిన యింట పగటికావలి పిల్లవానిదే యని వారికి తెలియక కాదు. కొందరు ఇంకొక యడుగు ముందుకు వేసి, “ఈనబోవుచున్నది” అను దానిని కొట్టివేసి “ప్రసవింపబోవుచున్నది” అని ఎఱ్ఱసిరాతో దిద్దుదురు. స్త్రీ ప్రసవించును. మేక ఈనును, ఆవు ఈనును. వరియు జొన్నయు ఈనును. పశువునకును పైరునకును ఒకే క్రియను వాడిన రైతు భాషకు ఎఱ్ఱసిరా అక్కరలేదు. ఆ చీటిలో దిద్దవలసినది మాట కాదు. పోతు ఏనాడు కలిసినదో పిల్లవాని నడిగి, 150 దినములు కూడి, ఆ చీటి వెనుకనే తేది వ్రాసి పంపినచో, ఇంకను రెండువారములు నిద్రపోవచ్చునో, నేటిరాత్రియే దీపము సిద్ధము చేసికొనవలెనో ఆ యింటివారికి తెలియును.