దీర్ఘపరుగు – అభ్యాసయోగం

నలభై ఏళ్లు దాటేవరకు వ్యాయామమన్నదే ఎరుగని గృహస్థుడు మారథాన్ పరుగుకు సంకల్పిస్తే, లోకం రెండు విధాలుగా స్పందిస్తుంది. ‘ఈ వయసులో ఇదేమి వెర్రి?’ అని బంధువులు పరిహసిస్తారు. ‘నశ్వరమైన దేహంపై ఇంత శ్రద్ధ ఎందుకు?’ అని సత్సంగంలోని పెద్దలు సందేహిస్తారు. మొదటి ప్రశ్నకు కాలమే సమాధానం చెబుతుంది. రెండవది మాత్రం విచారణకు అర్హమైనది.

దేహం ఆత్మ కాదన్న వేదాంత నిర్ణయం నిర్వివాదం. అయితే దేహాభిమానాన్ని విడవడం వేరు, దేహాన్ని నిర్లక్ష్యం చేయడం వేరు. నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసపడేవానికి, పట్టుమని అరగంట ఆసనంపై కూర్చోలేనివానికి దేహం మరపునకు రాదు. అనుక్షణం తన ఉనికిని చాటుకుంటూనే ఉంటుంది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతో పోల్చింది. రథికుడు రథం కాడు. అంతమాత్రాన ఇరుసుకు కందెన అక్కరలేదని ఎవరూ అనరు. కుమారసంభవం ఐదవ సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన పరమేశ్వరుడు పార్వతీదేవిని కుశలమడుగుతూ, ఆమె తపస్సు దేహశక్తికి తగినట్లుగానే సాగుతున్నదా అని విచారించడంలోని ఔచిత్యం ఇదే.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరమే 1921లో ప్రమాణంగా స్థిరపడింది. ఇంతటి దూరాన్ని కేవలం సంకల్పబలంతో ఒక్కనాటిలో జయించడం అసాధ్యం. అలవాటు లేనివారు మొదట నడకతో ఆరంభిస్తారు. పిదప నడక మధ్యలో ఒక్కొక్క నిమిషం పరుగు చేరుతుంది. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత మందగతియే తగిన వేగం. ఐదు కిలోమీటర్లు, పది, అర్ధ మారథాన్ అనే సోపానాలు దాటిన తరువాతనే పూర్తి దూరానికి 16 నుంచి 20 వారాల ప్రత్యేక శిక్షణ మొదలవుతుంది: వారానికొక దీర్ఘపరుగు, తక్కిన దినాలలో స్వల్పపరుగులు, నియమిత విశ్రాంతి. అభ్యాసం దృఢపడాలంటే చిరకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేయాలన్న పతంజలి నియమం ఇక్కడ అక్షరాలా అన్వయిస్తుంది.

ఈ శిక్షణలో ఒక సూక్ష్మం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే శ్రమకు అలవడతాయి. కండరాలను ఎముకలతో కలిపే స్నాయువులు, ఎముకలు దృఢపడడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ వ్యత్యాసం ఎరుగని నవాభ్యాసి ఊపిరి కుదురుకోగానే ఉత్సాహం పట్టలేక దూరం పెంచుతాడు. మోకాలి నొప్పితో కూలబడతాడు. ఉపాసనామార్గంలోనూ జరుగుతున్నది ఇదే. మంత్రోపదేశం పొందిన తొలి మాసంలో జపసంఖ్యను అమాంతం పెంచి, మూడవ మాసానికి జపమాలను మూలన పెట్టినవారు ఎందరో! మనస్సు ఉత్సాహపడినంత వేగంగా సంస్కారం మారదు. శరీరాన్ని మూఢంగా పీడించే తపస్సును గీత తామసమని నిర్ణయించింది. కావున ఆరంభానికి ముందు వైద్యపరీక్ష చేయించుకోవడం, నొప్పి కలిగిననాడు ఆగడం పిరికితనం కాదు, వివేకం.

అభ్యాసానికి తోడు వైరాగ్యం కావాలి. పోటీకి ముందు చివరి రెండు మూడు వారాలు పరుగు దూరాన్ని తగ్గించాలని శిక్షకులు చెబుతారు. అలవాటుపడిన కాళ్లు ఊరుకోవు. ఇంకా చేయాలన్న ఆరాటం బాధిస్తుంది. చేసిన సాధనపై విశ్వాసముంచి ఆ ఆరాటాన్ని విడవడమే అప్పటి సాధన. పోటీనాడు కూడా ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో కండరాలలో నిలువ ఉన్న శక్తి చాలామందికి క్షీణిస్తుంది. అప్పుడు గమ్యాన్ని తలచేవాడు కుంగిపోతాడు. తరువాతి అడుగును మాత్రమే తలచేవాడు సాగిపోతాడు. ఫలచింత ఎంత బరువో తెలిసేది అక్కడే.

ఫౌజా సింగ్ 89 ఏళ్ల వయసులో, 2000లో, లండన్‌లో తన తొలి మారథాన్ పరిగెత్తారు. 2011లో నూరేళ్ల వయసులో టొరంటో మారథాన్‌ను ఎనిమిది గంటలకు పైగా శ్రమించి పూర్తిచేశారు. జనన ధ్రువపత్రం లేనందున గిన్నిస్ గుర్తింపు లభించలేదు. అంతమాత్రాన ఆయన నడిచిన, పరిగెత్తిన దూరంలో ఒక్క అడుగైనా తగ్గిందా? గుర్తింపు పరాధీనం, అనుష్ఠానం స్వాధీనం.

ఆషాఢ పౌర్ణమి సందర్భంగా సింహాచల గిరిప్రదక్షిణకు లక్షల భక్తులు తరలివస్తారు. దాదాపు 32 కిలోమీటర్ల ఆ మార్గంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న గణన లేదు. పతకం లేదు. స్వామి దర్శనంతో శ్రమ సార్థకమవుతుంది. మారథాన్ అభ్యాసి ఆ యాత్రికుని నుంచి నేర్వవలసింది ఇదే. ఉదయపు పరుగు ముగియగానే వేగాన్ని, దూరాన్ని పదిమందికి ప్రదర్శించి, తోటివారితో పోల్చుకుని మురిసేవానిలో దేహాభిమానం నశించలేదు. సోమరితనపు వేషం విప్పి గర్వపు వేషం కట్టింది, అంతే.

అందరికన్నా చివర నిలిచే నవాభ్యాసికి ఇందులో ఒక భాగ్యం ఉంది. కాపాడుకోవలసిన కీర్తి అతనికి లేదు. తెల్లవారుజామున లేచి, మితంగా భుజించి, తన గతిలో తాను సాగుతూ, ప్రతి అడుగును ఈశ్వరార్పణం చేయగలిగితే వీధి కూడా అతనికి సాధనాస్థలమే. పోటీ పూర్తయినా కాకపోయినా, ఆ నెలలలో అలవడిన నియమం జపానికీ, ధ్యానానికీ మూలధనమవుతుంది.